బెనీతా పిన్ని పన్నెండు తలుపుల ఇల్లు

మా అమ్మ చెల్లెలు బెనీతా సరస్సు ఒడ్డున ఉన్న మా గ్రనాదా ఊరి నడిబొడ్డున, పెద్ద చర్చి ఎదురుగా ఉన్న తోటలో, ఇరవై తొమ్మిదేళ్లుగా విగొరోన్ అమ్ముతోంది. అరటాకు మీద ఉడికించిన కర్రపెండలం, దాని మీద కరకరలాడే పంది చర్మం వేపుడు, ఆ పైన నిమ్మరసం పిండిన క్యాబేజీ తరుగు. అంతే. ఇందులో రహస్యమేమీ లేదనీ, చేయి మాత్రం ఉండాలనీ అంటుంది. నేను ఆ తోట అంచునే నా గుర్రబ్బండి నిలుపుకుంటాను కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె మాటలు నా చెవిలో పడుతూనే ఉంటాయి.

పిన్ని అబద్ధాలకోరు కాదు. కానీ నిజాన్ని ఉన్నదున్నట్టు వడ్డించడం ఆమెకు చేతకాదు, ఏదో ఒకటి పిండాల్సిందే. ఎండ మండిపోతోందని చెప్పాలంటే, చర్చి మెట్ల మీద వాలిన పావురం కాళ్లు కాలి మళ్లీ ఎగిరిపోవడం తన కళ్లతో చూశానంటుంది. మా బాబాయి పెళ్లిళ్లలో బూర వాయించేవాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకే జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఆయన గురించి చెప్పేటప్పుడు మాత్రం పిన్ని ఏమీ కలపదు. బాగా వాయించేవాడు, బాగా తినేవాడు అని ఊరుకుంటుంది.

కొట్టుకి కావలసిన అరటాకులు, కూర అరటి గెలలు ఓమెతేపె నుంచి వస్తాయి. మా సరస్సు మధ్యలో రెండు అగ్నిపర్వతాలు పక్కపక్కన కూర్చున్న దీవి అది. అప్పట్లో ఓడ సోమవారం, గురువారం మధ్యాహ్నం ఇక్కడి నుంచి బయలుదేరేది, మంగళవారం, శుక్రవారం తెల్లవారేసరికి గెలలతో తిరిగొచ్చేది. ఒకసారి వచ్చిన ఆకుల కట్ట విప్పితే సగం చిరిగి ఉన్నాయి. పిన్ని క్యాలెండరు కాగితం ఒకటి చింపి, ఈ ఆకులు కట్టినవాళ్లకి కళ్లు లేవా అని రాసి ఓడవాడి చేతిలో పెట్టింది. తర్వాతి ఓడలో వచ్చిన కట్ట మధ్యలో జవాబు ఉంది. "కళ్లున్నాయి. ఆకులు చింపింది మీ ఓడవాళ్లు. తిట్టదలుచుకుంటే అటు తిరిగి తిట్టు. ఇట్లు, కసిల్దా."

పిన్ని ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఇన్నాళ్లకి మాట్లాడదగ్గ మనిషి దొరికిందని నాతో చెప్పి, అక్కడికక్కడే మళ్లీ రాసింది. అలా మొదలైన ఉత్తరాలు ఇరవై రెండేళ్లు నడిచాయి. మొదటి ఏడాదిలోనే ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. దీవిలో ఎవరు పుట్టారు, ఊళ్లో ఎవరు పోయారు, దగ్గుకి ఏం తాగాలి, కొత్త ఫాదరు ప్రసంగం ఎంతసేపు సాగింది, అన్నీ అరటాకుల మధ్య అటూ ఇటూ తిరిగాయి. కానీ ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. కసిల్దా దీవి దాటలేదు. పిన్నికి నీళ్లంటే భయం, ఓడ ఎక్కలేదు.

రెండో ఏట కసిల్దా, నువ్వుండేది ఎలాంటి ఇల్లు అని అడిగింది. పిన్ని ఉండేది సరస్సుకి దిగే దారిలో, టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు వెనక, రేకుల కప్పున్న ఒంటి గది. ఆ సంగతి రాయడానికే కూర్చుంది. కానీ కలం పట్టాక చేయి వేరే దారి పట్టింది. పెద్ద చర్చికి రెండు వీధుల అవతల మండువా ఇల్లనీ, పన్నెండు తలుపులనీ, నడుమ నీళ్లు చిమ్మే రాతి తొట్టి, నారింజ చెట్టు, ఎనిమిది ఊగే కుర్చీలనీ రాసేసింది. అది గాలిలోంచి పుట్టిన ఇల్లు కాదు. పద్నాలుగో ఏట నుంచి అయిదేళ్లపాటు పిన్ని ఆ ఇంటి పెరట్లో బట్టలు ఉతికింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు మనాగ్వాలో ఉంటారు, ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతారు. తాళాలు తెయోఫిలో దగ్గర ఉంటాయి. పిన్నికి అన్న వరస అయ్యే డెబ్బై ఏళ్ల ముసలాయన.

కసిల్దా కూడా తక్కువ తినలేదు. తాను కొబ్బరిచెట్టులా పొడుగ్గా, సన్నగా ఉంటాననీ, కొండ వాలున తన అరటి తోటని తెల్లగుర్రం మీద చుట్టి వస్తాననీ, మొగుడికి అనుమానం ఎక్కువ కావడంతో దీవి దాటనివ్వడనీ రాసింది.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, ఒక మంగళవారం, కట్టలోంచి వచ్చిన ఉత్తరం చదువుతూ పిన్ని మూకుట్లో పంది చర్మం మాడబెట్టింది. కొట్టు పెట్టాక అదే మొదటిసారి. నేను బండి దిగి వెళ్లాను. ఉత్తరం నా చేతిలో పెట్టింది. దీవికి కంటి డాక్టర్లు వచ్చి కళ్లజోడు ఇచ్చారట. జోడు పెట్టుకుని ఒడ్డున నిలబడితే నీళ్ల అవతల మా ఊరి మొంబాచో కొండ, దాని విరిగిన శిఖరం, అంచు అంచునా కనబడిందట. "మీ కొండే కనిపిస్తుంటే ఇక నువ్వు కనిపించకుండా ఎక్కడికి పోతావు. శుక్రవారం ఓడలో వస్తున్నాను. ఎనిమిది కుర్చీల్లో ఒకటి తుడిచి పెట్టు."

ఉన్న మాట చెప్పేయమన్నాను. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. ఇరవై ఏళ్లుగా కట్టుకున్న ఇంటిని మూడు రోజుల్లో కూలగొట్టమంటావా అంది. కొట్టు నాకు అప్పగించి తెయోఫిలో దగ్గరికి వెళ్లింది. గంటలో తిరిగొచ్చేసరికి పథకం సిద్ధం. శుక్రవారం పొద్దున్న ఇల్లు చూపించి, కాఫీ ఇచ్చి, గదులన్నిటికీ సున్నం వేయిస్తున్నాం, పడుకోవడానికి వీలు కాదని చెప్పి బయటికి తీసుకొచ్చేయాలి. తెయోఫిలో ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. కుర్రతనంలో చర్చి నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి, తనకి సరైన పాత్ర కావాలన్నాడు. తోటమాలివి అని పిన్ని అంటే మొహం మాడ్చాడు. బేరం సాగి సాగి చివరికి పెద్ద గుమాస్తా దగ్గర ఆగింది.

శుక్రవారం పొద్దు పొడిచే వేళకి నా బండిలో రేవుకి వెళ్లాం. పిన్ని మా అమ్మ చెవిపోగులు పెట్టుకుంది, చర్చికి వేసుకెళ్లే నీలం గౌను తొడుక్కుంది. సరస్సు మీద గాలి జోరుగా ఉంది. దిగినవాళ్లలో సగం మంది మొహాలు పచ్చగా అయిపోయి ఉన్నాయి. వాళ్లలో ఒక పొడుగాటి, సన్నటి ఆవిడ పెట్టె ఒకటి రెండు చేతులా పట్టుకుని మెల్లగా దిగింది. పిన్ని పరుగెత్తి ఆవిణ్ని పెట్టెతో సహా కావలించుకుని వదినా వదినా అని ఏడ్చేసింది.

ఆవిడ మర్యాదగానే చెప్పింది. "నలపకండమ్మా, ఇందులో పిల్లల టీకాలున్నాయి."

ఆవిడ వెనకాల, ఆవిడ భుజం కంటే తక్కువ ఎత్తులో, గుండ్రంగా ఒక మనిషి నిలబడి ఉంది. నెత్తి మీద అరటాకుల కట్ట, ముక్కు మీద మందపాటి కళ్లజోడు, చంకలో కోడి. జరిగినదంతా నిదానంగా చూసింది.

"నర్సమ్మని వదిలెయ్ వదినా," అంది. "నేనే కసిల్దాని. ఉత్తరాల్లో నన్ను నేను కొంచెం పొడుగ్గా రాసుకున్నాను."

పిన్ని ఆమెను పైనుంచి కిందికి చూసింది. చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. కొంచెమా అని అడిగింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, గెలలు మోసేవాళ్లకి అడ్డంగా నిలబడి, కోడి కింద పడి రేవంతా పరుగెత్తేదాకా నవ్వారు. దాన్ని పట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ నవ్వులోనే పిన్ని కూడా తన మాట చెప్పేసి ఉండొచ్చు. కానీ అవతల ఇల్లు తుడిచి సిద్ధంగా ఉంది, తెయోఫిలో మాటలు బట్టీ పట్టి కూర్చున్నాడు. చెప్పలేదు.

ఊళ్లోకి వస్తుంటే కసిల్దా ఏ ఒక్క బోర్డునీ వదల్లేదు. కొత్త కళ్లజోడు కదా, కనిపించిన అక్షరమల్లా పైకి చదివింది. మంగలి కొట్టు, శవపెట్టెల కొట్టు, పళ్ల డాక్టరు, ఈ గోడకి మూత్రం పోయరాదు. పసుపు గోడ, ఎర్ర గోడ, నీలం గోడ అని రంగులు కూడా చదివింది. అరుగుల మీద కుర్చీల్లో ఊగుతున్న ముసలివాళ్లందరినీ పేర్లు అడిగి మరీ పలకరించింది. మా ఊరివాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లకి అంత తేలిగ్గా నవ్వరు. ఆమెకి నవ్వారు.

చనిపోయిన ఇంటి యజమాని నల్లకోటు తొడుక్కుని తెయోఫిలో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కోటు మడమల దాకా ఉంది. అమ్మగారు వేంచేశారు అని నడుం వంచాడు. వంగినవాడు లేవడానికి నా చేయి పట్టుకోవలసి వచ్చింది. మండువాలో తొట్టి నీళ్లు చిమ్ముతోంది, నారింజ చెట్టు కాయలతో ఉంది, ఎనిమిది కుర్చీలూ వరసలో ఉన్నాయి. పిన్ని ఒకదాంట్లో మహారాణిలా కూర్చుని, కాళ్లు నేలకి అందక అలాగే ఊగింది. కసిల్దా కూర్చోలేదు. పన్నెండు తలుపులూ చూడాలి, ఇరవై ఏళ్లుగా లెక్కపెట్టుకుంటున్నాను అంది.

పిన్ని లేచి ఒక తలుపు తీసింది. లోపల చీపుళ్లు, బకెట్లు, చేయి విరిగిన సెయింట్ ఆంథనీ బొమ్మ. ఇది మా ప్రార్థన గది అంది. రెండో తలుపు తీస్తే వీధి కనబడింది. ఎదురింటి కుక్క లోపలికి తొంగి చూసింది. పిన్ని ఆ తలుపు మెల్లగా మూసేసి, గాలి కోసం అంది. మూడోదానికి తాళం. తాళం చెవి కోసం తెయోఫిలో గుత్తి తీసి ఒక్కొక్కటీ పెట్టి చూస్తుంటే, కసిల్దా ఇక వంటిల్లు చూద్దాం పద అంది.

వంటింట్లోకి అడుగు పెట్టగానే పిన్ని మనిషి మారిపోయింది. అటు చూడకుండానే చేయెత్తి పై పలక మీద నుంచి అగ్గిపెట్టె అందుకుంది. పొయ్యి ఏ మూల పొగ కక్కుతుందో చెప్పింది. పెరటి గడప దగ్గర ఒక రాయి ఎత్తుగా ఉంటే దాన్ని చూడకుండానే దాటింది. కసిల్దా ఆ రాయి తట్టుకుని పడబోయి నిలదొక్కుకుంది. పెరట్లో గోడ వారగా ఉతికే బండ ఉంది, అరిగి అరిగి నడుమ పళ్లెంలా గుంట పడిన బండ. కసిల్దా వంగి ఆ గుంటని అరచేత్తో నిమిరింది. తరువాత పిన్ని మోచేతుల వైపు చూసింది.

"వదినా," అంది మెల్లగా, "ఈ ఇంట్లో నీది ఈ బండ ఒక్కటే కదూ?"

పిన్ని రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి పిన్ని గొంతు వినబడింది. అయిదేళ్లు ఉతికానంది. ముందు గదుల్లోకి ఎప్పుడూ రానివ్వలేదంది. ఉండేది ఒంటి గదిలో అని కూడా చెప్పింది, టైర్ల కొట్టు వెనక అని కూడా చెప్పింది, వాన పడితే రేకుల మీద మోతకి మాట వినబడదని కూడా చెప్పింది. ఒకసారి మొదలుపెట్టాక ఏదీ మిగల్చలేదు.

కసిల్దా బండ అంచున కూర్చుని అంతా విన్నది. తన అరటి తోట కూడా అంతేనంది. కోత కోయడం, కట్టలు కట్టడం తనది, చెట్లు ఇంకొకళ్లవి.

"మరి తెల్లగుర్రం?" అని పిన్ని అడిగింది.

"గాడిద. అదీ పక్కింటివాళ్లది."

"అనుమానప్పక్షి మొగుడు?"

"వాడూ ఇప్పుడు పక్కింటివాళ్లవాడే."

పిన్ని నోరు రెండు చేతులా మూసుకుంది. లాభం లేకపోయింది. కసిల్దా కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వింది. ఒకరు ఆగితే రెండోవాళ్లు గాడిద అనేవారు, మళ్లీ మొదలు. నేనూ నవ్వుతూ నేల మీద చతికిలబడ్డాను. అంతలో తెయోఫిలో పళ్లెంలో కాఫీ పట్టుకుని, కోటు అంచులు నేలకి తగలకుండా నడుచుకుంటూ వచ్చి, దొరసానిగారూ కాఫీ ఇక్కడే పుచ్చుకుంటారా అని గంభీరంగా అడిగాడు. పిన్ని ఊపిరాడక బండని కొట్టింది.

నాటకం అప్పుడే అయిపోయిందని తెలిసి ముసలాయన నిజంగా నొచ్చుకున్నాడు. రెండు పెద్ద ప్రసంగాలు తయారు చేసుకున్నాడట, ఒకటి ఇంటి వంశం గురించి, ఒకటి తొట్టి గురించి. కసిల్దా ఆయన్ని చేయి పట్టుకుని మండువాలోకి తీసుకెళ్లి నారింజ చెట్టు కింద నిలబెట్టింది. మేం ముగ్గురం కుర్చీల్లో కూర్చున్నాం. రెండు ప్రసంగాలూ చెప్పాడు. తొట్టి గురించి చెప్పింది బాగుంది. కసిల్దా మళ్లీ చెప్పమంది.

తరువాత మెర్సెద్ చర్చి గంటల గోపురం ఎక్కాలని పట్టుబట్టింది. ఆ మెట్లు నత్తగుల్లలా చుట్టుకుని పైకి పోతాయి, ఒక మనిషికే చాలవు. సగం దాకా వెళ్లేసరికి పైనుంచి బానపొట్ట ఆయన ఒకడు దిగుతూ ఎదురయ్యాడు. పక్కకి తప్పుకునే దారి లేదు. దిగేవాళ్లకి దారివ్వాలని ఆయన అన్నాడు. ముందున్న కసిల్దా లెక్క చెప్పింది: నేను దిగడం మొదలుపెడితే నా కింద ఉన్న ఈ ఇద్దరి మీద పడతాను, నీ పైన ఎవరూ లేరు, నువ్వే వెనక్కి ఎక్కు. ఆయన ఆలోచించుకుని, వెనక్కి తిరిగి, మా అందరికీ ముందుగా మళ్లీ గోపురం ఎక్కాడు.

పైన గాలికి పిన్ని నీలం గౌను గొడుగులా లేచింది. కింద పెంకుల కప్పులు, చర్చి గుమ్మటం, చెట్ల మధ్య నా గుర్రాలు. ఇటు మొంబాచో, దాని పాదాల దగ్గర నీళ్లలో చల్లినట్టు చిన్న చిన్న లంకలు. అటు చివర, సరస్సు ఆకాశంలో కలిసేచోట, రెండు నీలి ముక్కోణాలు. కసిల్దా ముందు వాటిని గుర్తుపట్టలేదు. నేను వేలితో చూపించాను. కళ్లజోడు తీసింది, లోపలి లంగా అంచుతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది.

"అంత చిన్నగా ఉంటామా మేము," అంది.

"నువ్వు ఇంకా చిన్న," అంది పిన్ని.

కసిల్దా దీవి వైపు చేయి ఊపింది. పక్కింటివాళ్ల పేర్లు పెట్టి కేకలేసింది, మొగుడి పేరు కూడా కలిపి. బానపొట్ట ఆయన కూడా చేయి ఊపాడు. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం గంటలు మోగాయి. మేం గంటల కిందే ఉన్నాం. ఆ మోత దంతాల్లోకి, మోకాళ్లలోకి దిగింది. వదినలిద్దరూ చెవులు మూసుకుని, ఒకరికొకరు వినబడకుండా ఏదో అరుస్తూ, కాళ్లు ఒకచోట నిలవక గెంతారు. చూసేవాళ్లకి అది నాట్యంలాగే ఉంది. గంటలు ఆగాక కూడా కొంచెంసేపు ఆగలేదు.

ఆ మూడు రోజులూ కసిల్దా రేకుల గదిలోనే ఉంది. శనివారం, ఆదివారం కొట్టు దగ్గర నిలబడి ఆకులు కత్తిరించింది. ఇరవై రెండేళ్లుగా తాను పంపే ఆకుల్ని పిన్ని ఎలా పాడు చేస్తోందో వచ్చిన ప్రతివాళ్లకీ చూపించింది. జనం విగొరోన్ తిన్నాక కూడా కదల్లేదు, ఆ తిట్లు వినడానికి నిలబడిపోయారు. ఆదివారం మధ్యాహ్నానికి తోటలో ఖాళీ బెంచీ లేదు. కోడిని మాత్రం ఇద్దరూ కోయలేకపోయారు. అది తెయోఫిలోకి వెళ్లింది, ఇప్పటికీ పన్నెండు తలుపుల ఇంట్లోనే ఉంది.

సోమవారం మధ్యాహ్నం రేవులో నేను బండి దిగలేదు. పిన్ని వదిన సంచీ మోసుకుంటూ ఓడలోకి వెళ్లింది. కొట్టు నుంచి సరాసరి వచ్చింది కాబట్టి నడుముకి వంటగుడ్డ కట్టుకునే ఉంది, చేతిలో క్యాబేజీ తరిగే కత్తి. ఆకుల కట్టకి ముడి ఎక్కడ వేయాలన్నది ఇద్దరి మధ్య తెగని వాదం. అది పైన సాగుతూనే ఉంది. ఓడవాళ్లు ఎక్కే చెక్కబల్ల లాగేశారు. ఓడ ఒడ్డు విడిచింది. అప్పుడు పిన్ని అంచు దగ్గరికి వచ్చి నావైపు చూసింది. నీళ్లంటే అంత భయపడే మనిషి మొహంలో భయం కనబడలేదు.

"అనీబాల్, కర్రపెండలం పొయ్యి మీదుంది," అని కేకేసింది. "దించరా."

పొరపాటున ఓడలో ఉండిపోయానని పిన్ని ఇప్పటికీ అంటుంది. వంటగుడ్డ జేబులో పళ్లు తోముకునే బ్రష్షు ఉందని తెయోఫిలో అంటాడు. నేను ఇద్దరితోనూ అవునంటాను.

శుక్రవారం ఓడలో వస్తుందనుకున్నాను. రాలేదు. గుర్రాలకి సెలవిచ్చి కొట్టు నడిపాను. నా చేతి క్యాబేజీ తరుగు తిన్నవాళ్లు మీ పిన్ని ఎప్పుడొస్తుందని మర్యాదగా అడిగేవారు. రెండో మంగళవారం పొద్దున్న దిగింది. ఎండకి నల్లబడింది, ఎవరిదో పువ్వుల గౌను వేసుకుంది, తల తడిగా ఉంది. ఇంటికి పోనివ్వనా అని అడిగితే వద్దంది, ఒడ్డుకి పోనిమ్మంది. దీవిలో ఊట నీళ్ల మడుగొకటి ఉందట, కసిల్దా అందులోకి తోసి ఈత నేర్పిందట.

నేను నమ్మలేదు. ఎంతైనా పిన్ని కదా. ఆమె చెప్పులు బండిలో విడిచి, గౌనుతోనే సరస్సులోకి నడిచింది. మోకాళ్ల దాకా, నడుం దాకా వెళ్లి వెనక్కి వాలింది. పాదాలు పైకి తేలాయి, పొట్ట తేలింది, మొహం తేలింది. ఎండ ఆమె మీద పడుతోంది. అలా వెల్లకిలా తేలుతూనే, ఓడలో ఎవరు ఎలా వాంతి చేసుకున్నారో, కసిల్దా పక్కింట్లో ఆ మొగుడు ఎలా దాక్కున్నాడో చెప్పుకుంటూ పోయింది. అల ఒకటి వచ్చి నోట్లోకి నీళ్లు పోయాయి. ఉమ్మేసి, ఆపిన మాట దగ్గర నుంచే మళ్లీ అందుకుంది.